మామ చేలో హెలికాప్టరు

ఆ రోజుల్లో మా వైపు మనిషి తలెత్తి ఆకాశం చూశాడంటే అది మబ్బు కోసమే తప్ప ఇంకొక దానికి కాదు. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఆకాశంతో మా వాళ్లకున్న సంబంధమంతా వానది. వస్తే పొగిడేవాళ్లు, రాకపోతే (చాలా ఏళ్లు రాలేదు) తిట్టేవాళ్లు. అలాంటి ఊళ్లో పుట్టి నేను ఆకాశంలో ఉద్యోగం సంపాదించుకున్నానంటే అది ఎవరికీ అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. వాయుసేనలో చేరుతున్నానని చెప్పినప్పుడు మా అవ్వ చాలాసేపు ఆలోచించి, "పైకి పోతావు గదా నాయనా, ఆడ నీళ్లు ఉండాయేమో చూసి చెప్పు" అంది. ముప్పై ఏళ్లకు పైగా మంచుకొండల్లోనూ ఎడారుల్లోనూ ఆ ఉద్యోగమే చేసి, రిటైరై, ఇప్పుడు అనంతపురంలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. జెండా పండుగ వస్తే ఏదో ఒక బడివాళ్లు పిలిచి, మెడలో దండ వేసి, సాహసగాథ ఒకటి చెప్పమంటారు. నేను విమానాలు నడిపినవాణ్ణి కాదు, నడిపేవాళ్లు క్షేమంగా కిందికి దిగేలా మరలు బిగించినవాణ్ణి. అయినా వాళ్లను నిరాశపరచడం ఎందుకని మంచుకొండల సంగతులు నాలుగు చెప్పి వచ్చేస్తాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఏ బడిలోనూ చెప్పలేదు. ఇందులో సాహసం ఎవరైనా చేశారంటే అది మా మామ ఎద్దులు.

మొదట మా మామ గురించి చెప్పాలి. మా అమ్మకు ఆయన ఒక్కడే అన్న. మా ఊరికి అడ్డదారిన నడిస్తే మూడు మైళ్లుండే ఊళ్లో సేద్యం చేసేవాడు. పొడుగాటి మనిషి, అంతకంటే పెద్ద గొంతు. ఆయనకొక కూతురు, అంటే నాకు మరదలు. మా వైపు ఆడపిల్ల పుట్టిందంటే ముందు మేనత్త కొడుకు వయసెంతని చూస్తారు, తరువాతే పేరు పెడతారు. కాబట్టి ఆ పిల్ల నాదేనని నాకెవరూ చెప్పనక్కర్లేకుండానే పెరిగాను. ఇంటర్ అయ్యాక అనంతపురంలో వాయుసేన సెలక్షన్లని స్నేహితులంతా పోతుంటే సరదాకి వెంట వెళ్లాను. వాళ్లందరూ తప్పి నేనొక్కణ్ణే నెగ్గాను. ట్రైనింగుకు వెళ్లే ముందు మా అమ్మ పుట్టింటికి పోయి, పిల్లను నా కోసం అట్టిపెట్టమని అన్నను అడిగింది. మామ లేదన్నాడు. ఊరికే లేదని ఉంటే సరిపోయేది, "నేల మీద కాలు నిలవనోనికి పిల్లనిచ్చేది యాడైనా ఉండాదా" అని పదిమంది ముందర అన్నాడు. ఆ మాట మా నాయన దగ్గరికి వచ్చేసరికి దానికి ఇంకో నాలుగు మాటలు జతయ్యాయి. నాయన వెంటనే బండి కట్టించుకుని (నడిచిపోతే ముందే చేరేవాడు, కానీ పోట్లాటకు పోయే మనిషి నడిచిపోతే బాగుండదని ఆయన ఉద్దేశం) మామ ఇంటి ముందు దిగి, ఇంక ఈ గడప తను గాని, తన ఇంట్లో వాళ్లు గాని తొక్కేది లేదని చెప్పి అదే బండిలో తిరిగొచ్చాడు. అట్లా నా ఉద్యోగం మూలంగా మా అమ్మకు పుట్టిల్లు దూరమైంది.

నాకు మాత్రం ఆ గొడవ బాగా పనికొచ్చింది. ట్రైనింగులో ప్రతివాడికీ ఏదో ఒక ప్రేమకథ ఉండేది, లేనివాణ్ణి లోకువగా చూసేవాళ్లు. నాకిది తయారుగా దొరికింది. క్రూరుడైన మామ, మాట పెగలని మరదలు, దేశం కోసం ఇల్లు విడిచిన మేనల్లుడు. బ్యారక్‌లో పక్క మంచం మలయాళీ కుర్రవాడికి ఈ కథ చెప్పినప్పుడు అతను నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆ తరువాత ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే నేను జవాబు చెప్పకుండా దూరంగా చూసేవాణ్ణి. అద్దంలో అభ్యాసం చేశాను కూడా. సెలవుకు ఊరికి వచ్చినప్పుడు మామ ఊరి వైపు దారిలో సైకిలు ఆపి, కాసేపు నిట్టూర్చి, ఆకలేసి ఇంటికి పోయేవాణ్ణి.

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. నేను హెలికాప్టర్ల మీద టెక్నీషియన్నయ్యాను. ఒక రోజు ఒక చిన్న హెలికాప్టరును బెంగళూరు వైపు నుంచి ఉత్తరాన ఉన్న ఇంకో స్థావరానికి చేర్చాల్సి వచ్చి, ఇద్దరు పైలట్ల వెంట నన్ను పంపారు. పెద్ద పైలటు ఉత్తరాది మనిషి, మీసం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, మనిషి మాత్రం మెత్తన. ఆయన్ను మేం మీసాల సారు అనుకునేవాళ్లం. రెండో ఆయన కొత్తగా వచ్చినవాడు, చిన్న సారు. మా దారి మా ఊరి మీదుగానే పోతుందని మ్యాపులో చూసి పొద్దుటి నుంచి నా కాలు నిలవడం లేదు. కింద ఎర్రనేల, ఎండిన వంకలు, గుండ్రాళ్ల కొండలు ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే వాటి పేర్లు అడక్కపోయినా సార్లకు చెబుతున్నాను. అప్పుడు వెలిగింది దీపం. గేర్‌బాక్స్ నూనెలో ఇనుప రజను గాని పడితే దాన్ని పట్టడానికి లోపల అయస్కాంతం పెట్టిన బిరడా ఒకటి ఉంటుంది. దానికి రజను తగిలితే పైలట్ల ముందు దీపం వెలుగుతుంది. చాలాసార్లు అది ఉత్త మసి. కానీ మసో, పళ్లచక్రం విరుగుతోందో పైనుంచి తెలియదు కాబట్టి దీపం వెలిగితే దిగి చూడాల్సిందే.

మీసాల సారు కంగారు పడలేదు. కింద ఖాళీ చేను ఒకటుంది, కరెంటు తీగలు లేవు, అందులో దింపుతున్నానని హిందీలో చెప్పాడు. నేను తొంగి చూశాను. రాతికట్టు బావి, దాని పక్క రెండు వేపచెట్లు, చేను మూలన ఎత్తుగా వామి. ఆ చేను వద్దు సార్ అన్నాను. ఎందుకు, తీగలున్నాయా అన్నాడు. తీగలు లేవు సార్, అది మా మామ చేను సార్ అన్నాను. ఆయనకు చాలా సంతోషం వేసింది. "మీ మామగారి చేనా? అయితే ఇంకేం, మనింటికే వచ్చినట్టు" అని నేరుగా దిగడం మొదలుపెట్టాడు. హిందీలోనూ మామ అంటే మామే. కానీ మా మామ సంగతి ఆ భాషలో చెప్పడానికి నాకు టైము చాలలేదు.

ఆ వామి గురించి కూడా చెప్పాలి. శెనక్కాయ చెట్లు పీకి, కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగను మా వైపు కట్టె అంటారు. పశువులకు అదే మేత. వరసగా రెండేళ్లు వానలు సరిగ్గా లేక ఆ యేడు కాయలు ఎట్లాగూ రాలేదు, ఎవరి చేలో అయినా మిగిలిందంటే ఆ కట్టె మాత్రమే. మామ దాన్ని పరక పోకుండా తెచ్చి, వామి వేసి, పైన గుండ్రంగా కప్పు తీర్చి ఉంచాడు. మా రెక్కల గాలికి మొదట ఆ కప్పు లేచింది, తలపాగా లేచినట్టు. తరువాత ఆ కింది వరస, తరువాత వామి మొత్తం. ఎర్రదుమ్ములో ఆ కట్టె సుడి తిరిగి మూడు చేల అవతల ఉన్న కంపచెట్ల దాకా పోవడం నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చెట్ల కింద కట్టేసిన జోడెద్దులు తాళ్లు తెంపుకుని ఊరివైపు పరుగెత్తాయి. చెట్టు కింద నిలబడిన మనిషొకడు మాత్రం కదల్లేదు.

ఇంజను ఆగింది, దుమ్ము అణిగింది. రూలు ప్రకారం నేను ముందు దిగాలి, దిగాను. మామ వచ్చాడు. భుజాన తువ్వాలు లేదు, అదీ ఎగిరిపోయినట్టుంది. హెల్మెట్టు తీసేదాకా నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఒకసారి పైకి, ఒకసారి చేను వైపు చూశాడు.

"ఇంత ఆకాశం ఉండాది, ఇంత నేల ఉండాది. నీకు నా చేనే దొరికినాదా?" అన్నాడు.

"దీపం వెలిగింది మామా" అన్నాను.

ఏం దీపమని అడిగాడు. గేర్‌బాక్సు, నూనె, రజను, అయస్కాంతం అంతా వివరంగా చెప్పాను (నాకు వివరంగా చెప్పే అలవాటుంది). ఓపిగ్గా విని, "మోటరు చెడిందని చెప్పు" అన్నాడు. ఆ తరువాత వెనక్కి తిరిగి, వామి ఉండిన చోటు చూసి, గట్టు మీద కూలబడ్డాడు. ఆయన అరుస్తాడని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు. "ఈ కట్టె గూడా పోతే ఎండకాలానికి ఎద్దుల్ని సంతకు తోలాల్సిందే" అని ఎవరితోనూ కాకుండా అన్నాడు. అంతదాకా నాకు నా ఉద్యోగం గురించీ, నా పరువు గురించీ భయంగా ఉండింది. అప్పుడు మాత్రం ఆ రెండూ చిన్నవిగా కనబడ్డాయి.

కాసేపటికి ఊరంతా వచ్చేసింది. చిన్న సారును పాలవాడి మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టి, పై అధికారులకు ఫోను చేసి రమ్మని టౌనుకు పంపాడు మీసాల సారు. నేను హెలికాప్టరు చుట్టూ తాడు కట్టి, ఎవరూ దగ్గరికి రావద్దని చెబుతూ తిరిగాను. ఎవరూ వినలేదు. ఒక ముసలాయన తాడు దాటి వచ్చి, ముందు అద్దంలో చూసుకుని మీసం సరిచేసుకుని పోయాడు. ఈలోగా కబురు అడ్డదారిన మా ఊరు చేరింది. ఇక్కడ బయలుదేరేటప్పుడు అది 'దిగింది'. మా ఇంటికి చేరేసరికి 'పడింది'. మా నాయన అమ్మను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, రాళ్లూ కంపలూ చూడకుండా తొక్కుకుంటూ వచ్చాడు. అమ్మ దిగి నా మొహం, చేతులు, వీపు తడిమి చూసింది. నాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక వీపు మీద ఒకటి ఇచ్చాడు. అప్పుడు అమ్మ గట్టు మీద కూర్చున్న తన అన్నను చూసింది. దగ్గరికి పోయి, "సన్నబడినావన్నా" అంది. మామ తల తిప్పుకున్నాడు. చేయి భుజం మీదికి పోయి తువ్వాలు కోసం వెతికి, దొరక్క, పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు.

నాయనకు అప్పుడు తెలిసింది తను ఎవరి చేలో నిలబడ్డాడో. ఒట్టు గడపకే గాని చేనుకు లేదు కాబట్టి అక్కడే ఉండిపోయాడు, కాకపోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మామ లేచాడు. ఇద్దరికీ మధ్యలో మీసాల సారు. ఇద్దరూ ఒకరినొకరు పలకరించకూడదు, కానీ అనాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. మొదట మామే సారు వైపు తిరిగి, "సారూ, ఆ యప్పకు చెప్పండి. కొడుకును పైకి పంపితే సరిపోదు, దిగేది గూడా నేర్పల్ల" అన్నాడు. సారు నా వైపు చూసి ఏమంటున్నారని అడిగాడు. మీ రాక తనకు చాలా ఆనందంగా ఉందంటున్నాడని చెప్పాను. సారు చేతులు జోడించాడు. నాయన సారుతో, "ఆయనకు చెప్పండి సారూ. వామి వేసేది ఇంటికాడ. బయలు చేలో వేసుకుని గాలి మీద నేరం చెప్తే ఎట్ల" అన్నాడు. చేను చాలా బాగుందని మా నాన్న మెచ్చుకుంటున్నాడని చెప్పాను. సారు మళ్లీ చేతులు జోడించాడు. మామ ఈసారి చాలాసేపు మాట్లాడాడు. అందులో మా వంశం, మా నాయన బండి కట్టుకుని వచ్చిన రోజు, ఆ రోజు మా నాయన అన్న మాటలు, తను అనకుండా మింగిన మాటలు అన్నీ వచ్చాయి. ఎండగా ఉంది, నీళ్లు తాగుతారా అంటున్నాడని చెప్పాను.

మీసాల సారు నన్ను పక్కకు పిలిచాడు. "వాళ్లు పొడుగ్గా మాట్లాడుతున్నారు, నువ్వు పొట్టిగా చెబుతున్నావు" అన్నాడు. నేను తల దించుకున్నాను. కంపచెట్లకు వేలాడుతున్న కట్టె చూపించి, అది పశువుల మేతే కదా అన్నాడు. అవునన్నాను. "నేనూ రైతు కొడుకునే. ఇంకా ముందే చెప్పాల్సింది" అని, చొక్కా చేతులు మడిచి, చెట్టుకు ఆనించి ఉన్న పంగల కర్ర తీసుకుని మూడో చేనులోకి నడిచాడు. అంత పెద్ద ఆఫీసరు కంపచెట్టు కింద వంగి మేత ఏరుతుంటే ఇంక ఎవరూ చూస్తూ నిలబడలేకపోయారు. ఊళ్లో ఉన్న పంగల కర్రలన్నీ వచ్చాయి. ఆడవాళ్లు గంపలు తెచ్చారు. బడి అయ్యవారు పిల్లల్ని ఆపలేక తనే వాళ్లను వరసగా నడిపించుకొచ్చాడు. మా నాయన కాసేపు చేతులు వెనక్కి కట్టుకునే చూశాడు. ఆ తరువాత, ఇది మేత పని, మనుషుల పని కాదన్నట్టు, ఎవరి మొహమూ చూడకుండా వామి దగ్గరికి పోయి అడుగు వరస పరవడం మొదలుపెట్టాడు. వామి వేయడంలో ఆయన చేయి మంచిదని చుట్టుపక్కల పేరు. మధ్యాహ్నం దాటేసరికి వామి మళ్లీ లేచింది. మునుపటంత ఎత్తు లేదు, అయినా మామ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

నేను గేర్‌బాక్సు దగ్గర బిరడా తీసి చూశాను. ఉత్త మసి. గుడ్డతో తుడిచి, నూనె వడగట్టి చూసి, మళ్లీ బిగిస్తుంటే వెనక నుంచి ఎవరో నీళ్ల చెంబు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. మరదలు. చేతికి గోరింటాకు పెట్టుకుని ఉంది. నేను వెంటనే అద్దంలో నేర్చుకున్న చూపు తెచ్చుకుని దూరంగా చూశాను.

"మెడ పట్టేసినాదా బావా?" అంది.

లేదని చెప్పి నీళ్లు తాగాను. రేపు తనకు ఒప్పులని, అంటే నిశ్చితార్థమని, ఆమే చెప్పింది. కొత్తచెరువు వైపు సంబంధం, అబ్బాయి పశువుల ఆస్పత్రిలో పనిచేస్తాడు. నేను చెంబు కింద పెట్టి, గొంతు బరువు చేసుకుని, మీ నాయన అప్పుడట్లా అనకపోయి ఉంటే అని మొదలుపెట్టాను. ఆమె అడ్డం వచ్చింది.

"నాయనను ఏమీ అనొద్దు బావా. నిన్ను వద్దన్నది ఆయన గాదు, నేను."

నా చేతిలో స్పానరు జారి కిందపడింది. ఎందుకని అడిగాను. ఆ ప్రశ్నకు ఎన్నో జవాబులు ఊహించుకోగలను. నా ఉద్యోగంలో ప్రమాదముందని అనవచ్చు, దూరదేశాలు తిరగలేనని అనవచ్చు.

"నువ్వు శానా మాట్లాడతావు బావా" అంది. "చిన్నప్పటి నుంచి అంతే. నాకు రోంత నెమ్మదైన మనిషి కావల్ల. అదే నాయనకు చెప్పినా. నేను వద్దన్న్యానంటే అత్తకు కష్టమవుతాదని నాయన ఆ మాట తన మీద ఏసుకున్న్యాడు. ఇన్నాళ్లూ మీరంతా ఆయన్నే అంటాండారు."

చెంబు తీసుకుని వెళ్లిపోయింది. నేను కింద పడిన స్పానరు తీసుకోవడం కూడా మరచిపోయి, దూరంగా ఎద్దుల్ని వెతికి తోలుకొస్తున్న మామను చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లూ నేను బ్యారక్‌లో అంతమందికి క్రూరుడని చెప్పిన మనిషి, కూతురి మాట బయటికి రాకుండా సొంత చెల్లెల్ని దూరం చేసుకుని, ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఎద్దుల వెనక నడిచివస్తున్నాడు.

చిన్న సారు టౌను నుంచి తిరిగొచ్చాడు. ఇంజను అరగంట నడిపి చూసి, దీపం మళ్లీ వెలగకపోతే ఎగరవచ్చని పైవాళ్ల మాట. నేను ఆ సంగతి అందరికీ తెలుగులో చెప్పాను. మామ విని, వామి వైపు చూసి, "అంటే మళ్లీ ఊదుతాదా?" అని అడిగాడు. పొద్దుటి నుంచి అంతమంది పడిన కష్టం అక్కడ కొత్తగా లేచి నిలబడి ఉంది, ఇంజను వేస్తే అరనిమిషం నిలవదు. వామిని మోకులతో కట్టేద్దామన్నారు కొందరు. చీరలు కప్పుదామన్నారు ఆడవాళ్లు. మామ హెలికాప్టరు చుట్టూ తిరిగి, వంగి, కిందికి చూసి, "దీనికి చక్రాలు ఉండాయి గదా" అన్నాడు. ఉన్నాయి, మూడు. రెండు చేల అవతల గట్టి బీడు ఉంది. అక్కడి దాకా లాగితే వామికి గాలి తగలదు. ఎవరు లాగాలన్నది ఎవరూ అడగలేదు, మామ అప్పటికే ఎద్దుల మెడ మీద కాడి వేస్తున్నాడు.

మీసాల సారు నన్ను మళ్లీ పక్కకు పిలిచాడు. ఎద్దులతో లాగకూడదని ఎక్కడైనా రాసి ఉందా అని మెల్లగా అడిగాడు. మా పుస్తకాలన్నీ గుర్తు తెచ్చుకుని, లేదు సార్, ఎద్దుల ప్రస్తావన ఎక్కడా లేదన్నాను. "అయితే కట్టు" అన్నాడు, కళ్లు మూసుకుని. మోకు ఎక్కడ కట్టాలో నేను చూపించాను. ఎద్దులు ముందు దాన్ని వాసన చూసి వెనక్కి జంకాయి. మామ వాటి చెవుల దగ్గర ఏదో మాట్లాడాడు. మాతో ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు. బండి కదిలింది, హెలికాప్టరును కూడా అప్పుడందరం బండి అనే అన్నాం. ముందు ఎద్దులతో మామ, పక్కల తోసేవాళ్లు, తోక పట్టుకుని చిన్న సారు, చక్రాల పక్కన రాయి పట్టుకుని మా నాయన. మొదటి చేను దాటాం. రెండో దాంట్లో శెనక్కాయ చెట్లు పీకిన నేల మెత్తగా ఉండి కుడి చక్రం దిగబడింది. మిషను ఒక పక్కకు ఒరిగింది. ఆ ఒరగడం ఇంకొంచెమైతే రెక్క నేలకు తగిలేది, అప్పుడింక ఎద్దులు కాదు, దేవుడు కూడా దాన్ని లేపలేడు. మామ వెనక్కి తిరిగి చూశాడు.

"బావా, చక్రం కింద రాయి పెట్టు" అన్నాడు.

నాయన అప్పటికే పెట్టేసి, దానికి భుజం ఆనించి ఉన్నాడు. "పెట్టినాలే బావా. నువ్వు తోలు" అన్నాడు.

ఎద్దులు ఊపు తీసుకున్నాయి, చక్రం పైకొచ్చింది, మిషను నిలబడింది. ఏం జరిగిందో ఆ ఇద్దరికీ తెలియలేదు. బీడు చేరేదాకా ఒకరికొకరు 'బావా ఇటు', 'బావా అటు' అని చెప్పుకుంటూనే పోయారు. తెలిసింది మా అమ్మకు. గట్టు మీద కూర్చుని చూస్తున్నది లేచి, చీర దులుపుకుని, మొగుణ్ణి అడగకుండా, వెనక్కి చూడకుండా నేరుగా ఊళ్లోకి, తన అన్న ఇంటి వైపు నడిచిపోయింది.

బీడులో ఇంజను నడిపి చూశాం. దీపం వెలగలేదు. ఊరంతా దూరంగా నిలబడింది, మామ ఎద్దుల కళ్లకు గోనెలు అడ్డం పట్టుకున్నాడు. నేను ఎక్కబోతుంటే అమ్మ, అత్త పరుగున వచ్చారు. అత్త ఒక మూట నా చేతిలో పెట్టి, సార్లకు కూడా పెట్టమని చెప్పింది. మామ దగ్గరికి పోయి ఏదో చెప్పాలనుకున్నాను. చాలా చెప్పాలనుకున్నాను, కానీ మరదలు అన్న మాట గుర్తొచ్చి, వంగి కాళ్లకు మొక్కి ఊరుకున్నాను. ఆయన ఆశ్చర్యపోయినట్టు చూసి, "ఈ తూరి రోడ్డు మీద రా" అన్నాడు. పైకి లేచాక కిందికి చూస్తే వామి కదల్లేదు. ఎద్దుల పక్కన మామ, నాయన తలలు రెండూ దగ్గరదగ్గరగా కనిపించాయి, చేతులు ఊపుతున్నారు, మాకు కాదు, ఏదో వాదించుకుంటున్నారు. ఆ పూట కాఫీ తాగి వస్తానని మామ ఇంటికి వెళ్లిన నాయన ఒప్పులు ముగిసి, అప్పగింతల సంగతి కూడా మాట్లాడి, మూడో నాడు ఇల్లు చేరాడని తరువాత సెలవులో అమ్మ చెప్పింది. మరదలి మాట మాత్రం నేను వాళ్లెవరితోనూ అనలేదు. మామ దాచుకున్నదాన్ని విప్పే హక్కు నాకు లేదనిపించింది.

వెనక సీట్లో కూర్చుని నేను బాధపడటానికి సిద్ధమయ్యాను. ఇన్నేళ్లూ ఉత్తుత్తిగా పడిన బాధ ఇప్పుడు నిజంగా పడాల్సి వచ్చింది కదా. కిటికీకి తల ఆనించాను. ఒక నిట్టూర్పు విడిచాను. హెడ్‌సెట్లో మీసాల సారు ఆ చప్పుడేమిటని అడిగాడు. ఏమీ లేదు సార్ అన్నాను. ఆయన ఇంకా ఎద్దుల గురించే ఆలోచిస్తున్నట్టున్నాడు, పైవాళ్లు అడిగితే ఏమని చెప్పాలంటావు అన్నాడు. స్థానిక సహకారంతో జరిపామందాం సార్ అన్నాను. బాగుందన్నాడు. మళ్లీ నా బాధలోకి పోదామనుకున్నాను గానీ, ఒళ్లో మూట వెచ్చగా ఉంది, నెయ్యి వాసన వస్తోంది. విప్పాను. ఓళిగలు, అంటే బొబ్బట్లు. మరుసటి రోజు మరదలి ఒప్పుల కోసం చేసినవి. వాటిని చూస్తూ, ఇవి నా గొంతు దిగవని మనసులో గట్టిగా అనుకున్నాను. చిన్న సారుకు రెండిచ్చాను. మీసాల సారుకు రెండిచ్చాను. రుచి చూడకపోతే అత్త నొచ్చుకుంటుందని ఒకటి తుంచాను. తుంగభద్ర దాటేసరికి మూటలో ఒక్కటే మిగిలింది, నేను వేళ్లకంటిన నెయ్యి నాక్కుంటున్నాను. బాగున్నాయి, ఇంకా ఉన్నాయా అని మీసాల సారు చేయి వెనక్కి చాచితే, పెద్ద మనసు చేసుకుని ఆ చివరిదీ ఇచ్చేశాను. ఇప్పుడు నాకు తీపి కూడదన్నారు డాక్టర్లు. గుండె పగిలిందనుకుంటూ మూటెడు ఓళిగలు తిన్న ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తుంటాడు. వాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ చివరిది ఇవ్వకుండా ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.